పరిశ్రమకు ఫిజిక్స్ ఎందుకన్న వాదం

పరిశోధకులనూ పరిశ్రమలనూ ఒకచోట చేర్చే జాతీయ భౌతికశాస్త్ర సదస్సు మీద తెలుగునాట స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. పరిశ్రమకు కావలసింది ఇంజినీరు, ఫిజిక్స్ పాఠం చెప్పుకోవడానికి పనికివచ్చే చదువు, ఈ రెంటినీ కలపాలని సభలు పెట్టడం డబ్బూ కాలమూ పాడుచేసుకోవడమే అన్నది దాని సారం. సభ జరిగేది హైదరాబాదులోనో బెంగళూరులోనో అయితే కొంత సహిస్తారు. పుట్టపర్తిలో, పెనుకొండలో అంటే మాత్రం, కరువు సీమలో క్వాంటమ్ సిద్ధాంతం ఎవరికి కావాలని అడుగుతారు. ఈ అభిప్రాయం తల్లిదండ్రుల్లో ఉంది, కాలేజీ యాజమాన్యాల్లో ఉంది, పారిశ్రామికవేత్తల్లో ఉంది. విచారం కలిగించే సంగతేమిటంటే ఫిజిక్స్ బోధించేవాళ్లలోనూ ఉంది. ఇది తప్పుడు అభిప్రాయం. శాస్త్ర చరిత్ర దీన్ని ఒప్పుకోదు. కదిరి ప్రాంతంలోని నల్లచెరువు చుట్టుపక్కల ఇవాళ కళ్లెదుట కనిపిస్తున్న పరిశ్రమలు అసలే ఒప్పుకోవు.

ముందు పూర్వపక్షాన్ని దాని బలంతోనే చెప్పుకోవాలి. డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ మేజరుగా తీసుకునేవాళ్లు తగ్గిపోయారు. తీసుకున్నవాళ్లు కూడా బీఈడీ వైపు, డీఎస్సీ వైపు చూస్తారు. కంపెనీల ప్రకటనల్లో బీటెక్, డిప్లొమా, ఐటీఐ అని కనిపిస్తాయి, ఎంఎస్సీ ఫిజిక్స్ అన్న మాట అరుదు. విశ్వవిద్యాలయాల్లో జరిగే సదస్సులకు పరిశ్రమ నుంచి ఎవరైనా వస్తే ప్రారంభోత్సవంలో వేదిక మీద కూర్చుని, శాలువా కప్పించుకుని, మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. ఇవన్నీ నిజాలే. అయితే వీటి నుంచి తీసిన నిర్ణయం చెల్లదు. ఉద్యోగ ప్రకటనలో ఒక శాస్త్రం పేరు లేదంటే ఆ కంపెనీ చేసే పనిలో ఆ శాస్త్రం లేదని అర్థం కాదు. ఆ శాస్త్రం తెలిసినవాడిని అడగాలన్న ఆలోచన కంపెనీకి రాలేదని మాత్రమే అర్థం.

ఈ అభిప్రాయం కింద ఒక ఊహ దాగి ఉంది. శాస్త్రవేత్త ముందు ప్రకృతి నియమం కనిపెడతాడు, చాలా కాలానికి ఇంజినీరు దాన్ని యంత్రంగా మారుస్తాడు, ఆ తర్వాత పరిశ్రమ దాన్ని అమ్ముకుంటుంది, కాబట్టి మొదటివాడికీ మూడోవాడికీ మాట్లాడుకోవలసిన పనే లేదు అన్నది ఆ ఊహ. క్వాంటమ్ సిద్ధాంతం పుట్టుకే దీన్ని కొట్టివేస్తుంది. జర్మనీలో 1887లో బెర్లిన్ దగ్గర ఒక జాతీయ భౌతిక-సాంకేతిక సంస్థను నెలకొల్పారు. దానికి స్థలం ఇచ్చినవాడు విద్యుత్ పరికరాల పారిశ్రామికవేత్త వెర్నర్ ఫాన్ సీమెన్స్, మొదటి అధ్యక్షుడు భౌతికశాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్. ఆ రోజుల్లో గ్యాసు దీపాలకూ కరెంటు దీపాలకూ పోటీ నడుస్తోంది. ఏ దీపం ఎంత వెలుగిస్తుందో తేల్చడానికి నమ్మకమైన ప్రమాణం కావలసి వచ్చింది. అందుకోసం వేడెక్కిన వస్తువు వెదజల్లే కాంతిని అక్కడ ఎంతో సూక్ష్మంగా కొలిచారు. 1900 అక్టోబరులో రూబెన్స్, కుర్ల్‌బామ్ కొలిచిన అంకెలు అప్పటి సూత్రానికి కుదరలేదు. మాక్స్ ప్లాంక్ కొత్త సూత్రం రాసింది ఆ అంకెలు చూశాకే. డిసెంబరు 14న ఆయన దానికి ఇచ్చిన వివరణ నుంచి క్వాంటమ్ భౌతికశాస్త్రం మొదలైంది. దీపాల పరిశ్రమకు కొలమానం అవసరం పడకపోతే ఆ అంకెలు అప్పటికి చేతికి వచ్చేవే కావు. ఆవిరి యంత్రం నుంచి ఇంకా ఎంత పని రాబట్టవచ్చని 1824లో సాదీ కార్నో వేసుకున్న ప్రశ్న ఉష్ణగతిక శాస్త్రానికి పునాది వేసినట్టే ఇదీ జరిగింది. పరిశ్రమతో కలిస్తే శాస్త్రం పలచబడుతుందని భయపడేవాళ్లకు ఈ రెండు సంగతులే జవాబు.

అదే దారిలో వచ్చింది సోలార్ సెల్. అమెరికాలో బెల్ టెలిఫోన్ కంపెనీకి ఒక చిక్కు ఉండేది. తేమ ఎక్కువగా ఉండే ఉష్ణప్రాంతాల్లో టెలిఫోన్ పరికరాలకు పెట్టిన డ్రై బ్యాటరీలు తొందరగా పాడైపోయేవి. వాటికి బదులు ఏం వాడవచ్చో చూడమని డారిల్ చాపిన్‌కు ఆ కంపెనీ ప్రయోగశాలలో పని అప్పగించారు. అక్కడే సిలికాన్ మీద పనిచేస్తున్న భౌతికశాస్త్రవేత్త జెరాల్డ్ పియర్సన్, రసాయన శాస్త్రవేత్త కాల్విన్ ఫుల్లర్ ఆయనతో కలిశారు. 1954లో ఆ ముగ్గురూ చూపించిన సిలికాన్ సెల్ తన మీద పడ్డ ఎండలో దాదాపు 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది కూడా ఆ ప్రయోగశాలలోనే. ఇంజినీరు, రసాయన శాస్త్రవేత్త, భౌతికశాస్త్రవేత్త ఒకే కప్పు కింద ఉండి, ఒకరి చిక్కును మరొకరు విన్నారు. పరిశోధకులనూ పరిశ్రమనూ కలిపే సదస్సు రెండు మూడు రోజుల పాటు చేయదలచిన పని సరిగ్గా ఇదే.

తెలుగువాళ్లు ఈ పాఠానికి విదేశాల దాకా వెళ్లనక్కర్లేదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివారు, అక్కడే బోధించారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ కూడా చదివి వచ్చి హోమీ భాభా బృందంలో చేరారు. 1956లో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు కావలసిన నియంత్రణ పరికరాలు ఆ బృందం ఇక్కడే తయారుచేసింది. ఆ అనుభవం నుంచి 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది, దానికి సారథి ఆయనే. ఒక తరం ఇళ్లలో చూసిన ఈసీ టీవీ, దేశీయ టీడీసీ కంప్యూటర్లు, ఆ తర్వాత ఓటింగ్ యంత్రాలు ఆ కంపెనీ నుంచి వచ్చినవే. ఆయన పేరుతో ఉన్న ఏఎస్ రావు నగర్లో ఇల్లు కొనుక్కునేవాళ్లే తమ పిల్లలకు ఫిజిక్స్ వద్దని చెప్పడం బాధ కలిగించే విషయం. సూరి భగవంతం పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పుట్టపర్తి పాత తరానికి ఆయన సత్యసాయి బాబా ఉపన్యాసాల అనువాదకుడిగానే ఎక్కువ గుర్తు. రామన్ దగ్గర పరిశోధన చేసిన ఈ భౌతికశాస్త్రవేత్త బెంగళూరు ఐఐఎస్సీకి డైరెక్టరుగా ఉన్నారు, 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు.

ఇక ఈ సీమ సంగతి. కదిరి ప్రాంతంలో, నల్లచెరువుకు దగ్గర్లోనే, నంబులపూలకుంట సోలార్ పార్కు ఉంది. 1,500 మెగావాట్ల లక్ష్యంతో దాన్ని మొదలుపెట్టారు. అందులో ఎన్టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం 2016లో పనిలోకి వచ్చింది. వేల ఎకరాల్లో పరిచిన ఈ ప్యానెళ్లను చూసి, బిగించే మేస్త్రీ, వైరింగు చేసే ఎలక్ట్రీషియన్, తుడిచే కూలీ ఉంటే చాలునని అనుకుంటారు. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనీ అనుకుంటారు. నిజానికి ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలుగా ఉన్నప్పటి లెక్క. పాత రకం సిలికాన్ ప్యానెల్లో సెల్ ఒక డిగ్రీ వేడెక్కితే శక్తి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలే 40 డిగ్రీలు దాటే ఈ నేల మీద సెల్ 65 డిగ్రీలకు చేరితే నూటికి 16 వంతులు అక్కడే పోయినట్టు. 250 మెగావాట్ల క్షేత్రానికి ఇది 40 మెగావాట్లు. కొత్త తరహా సెల్స్‌లో డిగ్రీకి ఈ నష్టం 0.3 శాతానికి, కొన్నిటిలో ఇంకా కిందికి దిగింది. సిలికాన్ ఉపరితలం దగ్గర ఎలక్ట్రాన్లు వృథాగా కలిసిపోకుండా ఆపే పలుచని పొరల వల్ల అది సాధ్యమైంది. ఇది ఘనపదార్థ భౌతికశాస్త్రం, ఎంఎస్సీ సిలబస్‌లో ఉన్నదే.

దుమ్ము సమస్య ఇంకా లోతైనది. అనంతపురం సీమలో ఏడాది వర్షపాతం సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. తాగునీటికే కటకటలాడే చోట ప్యానెళ్లు కడగడానికి నీళ్లు కావాలి. రాత్రి పడ్డ దుమ్మును తెల్లవారుజామున మంచు తడుపుతుంది, పొద్దెక్కాక అది గాజు మీద గట్టిగా పట్టుకుపోతుంది. రేణువుకూ గాజుకూ మధ్య ఏ బలం ఎంత పనిచేస్తోంది, స్థిర విద్యుత్తు పాలెంత, తేమ పాలెంత, ఇక్కడి ఎర్రమట్టిలో ఉన్న ఖనిజాల పాలెంత అన్నది తేలితేనే నీళ్లు లేకుండా తుడిచే పద్ధతి దొరుకుతుంది. చంద్రుడి మీద దుమ్ము వదిలించడానికి నాసా పరిశీలించిన విద్యుత్ తెరలను ప్యానెళ్ల మీద ఎడారి దేశాల కోసం పరీక్షిస్తున్నారు. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ దుమ్ము అంటుకోకుండా ఉండే పూతను తయారుచేసింది. అటువంటి పూత కదిరి దుమ్ము మీద, ఇక్కడి ఎండలో ఎన్నేళ్లు నిలుస్తుందో ఇక్కడే కొలవాలి. బెంగళూరులోని ఏసీ గదిలో తేలే ప్రశ్న కాదిది.

మూడో చిక్కు కంటికి కనబడదు. ప్యానెళ్లను వరసగా కలిపినప్పుడు వోల్టేజి వెయ్యి దాటుతుంది. ఆ ఒత్తిడికి గాజులోని సోడియం అయాన్లు మెల్లగా సెల్లోకి దిగి దాన్ని బలహీనపరుస్తాయి. లారీలో తెచ్చేటప్పుడు, బిగించేటప్పుడు పడ్డ సన్నని పగుళ్లు కూడా ఇలాగే లోపల దాక్కుంటాయి. వీటిని పట్టుకునే పద్ధతి చాలా తేలిక. చీకట్లో ప్యానెల్లోకి బయటినుంచి కరెంటు పంపితే అది పరారుణ కాంతిని వెదజల్లుతుంది, దెబ్బతిన్న భాగం నల్లగా మిగిలిపోతుంది. లోపలి పరారుణ ఫిల్టర్ తీసేసిన మామూలు డిజిటల్ కెమెరాతో ఆ బొమ్మ తీయవచ్చు. బీఎస్సీ మూడో సంవత్సరం విద్యార్థి డిగ్రీ కాలేజీ ల్యాబులో చేయగల ప్రయోగమిది. ఆ కాలేజీకీ పార్కుకూ మధ్య ఒక్క మాట నడవకపోవడమే లోపం.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన కియా కార్ల కర్మాగారం సామర్థ్యం అప్పట్లో ఏడాదికి 3 లక్షల కార్లు. కారు బాడీకి స్పాట్ వెల్డింగ్ అంటే సెకనులో చిన్న భాగం పాటు వేల ఆంపియర్ల కరెంటు పంపి, రెండు రేకులు కలిసే చోట పుట్టే వేడితో అతకడం. రేకు మీద జింకు పూత కాస్త మారితే అక్కడి నిరోధం మారి అతుకు చెడుతుంది. పెయింట్ తుంపరకు వేల వోల్టుల ఆవేశమిచ్చి బాడీకి అంటించేదీ స్థిర విద్యుత్తే. పరిశ్రమకు ఇంజినీరు చాలునన్నవాళ్లు ఇక్కడ ఒక తేడా గమనించాలి. తెలిసిన కొలతల లోపల యంత్రాన్ని నిక్కచ్చిగా నడపడం ఇంజినీరు విద్య, దానికి విలువ కట్టలేం. కొలతలన్నీ సరిగా ఉన్నా ఫలితం చెడినప్పుడు మూలానికి వెళ్లి కారణం వెతకడం భౌతికశాస్త్రం నేర్పే పని. మంచి కర్మాగారానికి ఈ రెండూ కావాలి.

పెద్ద ఫ్యాక్టరీలే పరిశ్రమ అనుకోవడం మరో పొరపాటు. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరుకు మగ్గం మీది పనితనంతో పాటు జరీ నాణ్యత కూడా ఆధారం. జరీలో వెండి ఎంత, బంగారం ఎంత అన్నది కంటితో తేల్చలేం. కొన్న గృహిణి మోసపోతుంది, నిజాయితీగా నేసిన నేతగాడికి చెడ్డపేరు వస్తుంది. పోగు తెంపకుండా, కొన్ని సెకన్లలో, ఏ లోహం ఎంత ఉందో చెప్పే ఎక్స్‌రే పరికరాలు మార్కెట్లో ఉన్నాయి. ఒక్కో మూలకం తనదైన ఎక్స్‌రే ఇస్తుందనీ, అది ఒక క్రమంలో మారుతుందనీ 1913లో హెన్రీ మోస్లీ చూపించిన నియమం మీద అవి పనిచేస్తాయి. అటువంటి పరికరం ఒకటి నేతన్నల సంఘానికి అందుబాటులో ఉండి, దాన్ని సరిచూసే బాధ్యత దగ్గరి విశ్వవిద్యాలయం తీసుకుంటే, జరీ వివాదాల్లో చాలా భాగం అక్కడికక్కడే తెగిపోతాయి.

బోరుబావి మాట చెప్పకుండా నల్లచెరువు ప్రాంతం గురించి రాయడం అన్యాయం. వేరుశనగ రైతు అప్పుచేసి బోరు వేయిస్తాడు, కొబ్బరికాయతోనో వేపపుల్లతోనో పాయింటు చూపించుకుంటాడు, వెయ్యి అడుగులు దించినా దుమ్మే లేస్తుంది. భూమిలోకి కరెంటు పంపి నిరోధాన్ని కొలిచే పద్ధతికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని తీర్చిదిద్దిన కాన్రాడ్ ష్లుంబర్గర్ భౌతికశాస్త్రవేత్త, ఆయనా ఆయన తమ్ముడూ పెట్టిన కంపెనీ ప్రపంచంలోని పెద్ద చమురు సేవల సంస్థల్లో ఒకటైంది. గట్టి గ్రానైటుకు నిరోధం చాలా ఎక్కువ, నీళ్లున్న పగులుకు తక్కువ. అయితే ఈ పద్ధతి పరిమితి కూడా చెప్పాలి. చాలా లోతులో ఉన్న సన్నని పగులు నేల మీది కొలతకు అందదు. రైతులు ఇప్పుడు తవ్వుతున్నది ఆ లోతులోనే. అంటే జవాబు పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి ఈ రాళ్ల కింద ఉంది. పీహెచ్‌డీ అంశం దొరకడం లేదనే పరిశోధకుడు ఇటువైపు చూడాలి.

ఇటువంటి పనులు మహానగరాల్లోనే సాధ్యమన్న మాటకు జపాన్ దగ్గర జవాబుంది. షికోకు ద్వీపంలో అనాన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి నిచియా కంపెనీ ట్యూబులైట్లకు వాడే రసాయనాలు చేసేది. దాని ఉద్యోగి షూజీ నకమురాకు యజమాని నొబువో ఒగావా డబ్బిచ్చి, విదేశీ విశ్వవిద్యాలయానికి పంపి పని నేర్చుకోనిచ్చాడు. నగోయా విశ్వవిద్యాలయంలో అకసాకి, అమానో నీలి ఎల్ఈడీకి కావలసిన పదార్థం మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని నిచియా ప్రకటించింది. ఇవాళ నల్లచెరువులో ఇంటింటా వెలిగే తెల్లబల్బు దాని సంతానమే. ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అనాన్‌తో పోలిస్తే ఈ సీమకు లోటేమీ లేదు. పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ ఉన్నాయి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లే.

చివరి వాదం, బలమైనది కూడా: సదస్సుల వల్ల ఏమీ జరగదు, సర్టిఫికెట్లు మాత్రం పంచుతారు. ఇందులో సత్యముంది. యూజీసీ 2010 నిబంధనల్లో సదస్సు పత్రాలకు పాయింట్లు పెట్టింది, ప్రమోషన్లు ఆ పాయింట్లతో ముడిపడ్డాయి, ఊరూరా జాతీయ సదస్సులు పుట్టుకొచ్చాయి. వేదిక మీద సంతకాలు చేసిన ఎంఓయూలు ఫైళ్లలో నిద్రపోయాయి. ఆ తప్పు పాయింట్ల పద్ధతిది. మనుషులు ఎదురెదురుగా కూర్చుని లెక్కలు సరిచూసుకోవడంలో తప్పులేదు. 1987 మార్చి 18న న్యూయార్క్‌లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశంలో కొత్త అతివాహకాల మీద చర్చ తెల్లవారుజాము మూడింటి దాకా సాగింది. హాలు నిండి జనం బయట నిలబడ్డారు. ఆ పదార్థాన్ని కనుక్కున్న బెడ్నార్జ్, ముల్లర్ జూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలవాళ్లు, ఒక కంపెనీ ఉద్యోగులు. ఆ ఏడాదే వాళ్లకు నోబెల్ వచ్చింది. రహస్యాలు బయటపడతాయని కంపెనీలు శాస్త్ర సభలకు రావన్న మాటకు ఇదే సమాధానం. రహస్యం దాచుకుంటూనే సమస్యను చెప్పుకోవచ్చు.

డబ్బు విషయంలో కూడా ప్రచారంలో ఉన్న ఊహ తలకిందులు. దేశం పరిశోధనకు పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గర ఆగింది, అందులో ప్రైవేటు రంగం వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. కియా పుట్టిన దక్షిణ కొరియా దాదాపు 5 శాతం ఖర్చుపెడుతుంది, అందులో మూడొంతులకు పైగా కంపెనీలదే. 2023లో పార్లమెంటు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం చేసినప్పుడు అయిదేళ్లకు 50,000 కోట్ల రూపాయల్లో 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి వస్తాయని లెక్కవేశారు. పరిశోధకుడు ఏం చేస్తాడో తెలియని పారిశ్రామికవేత్త ఆ డబ్బు ఎందుకిస్తాడు? అదే 2023లో 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్‌కు కేంద్రం ఆమోదం తెలిపింది. 2025లో అమరావతిలో ఐబీఎం, టీసీఎస్ భాగస్వామ్యంతో క్వాంటమ్ వ్యాలీని రాష్ట్రం ప్రకటించింది. కరువు సీమలో క్వాంటమ్ ఎవరికి కావాలన్న ప్రశ్న రాష్ట్ర విధానం ముందే నిలవలేదు. మిగిలింది, ఆ చదువు చదివినవాళ్లు ఎక్కడినుంచి వస్తారన్న ప్రశ్న. ఫిజిక్స్ తరగతులు ఖాళీ అవుతుంటే దానికి జవాబుండదు.

కాబట్టి సదస్సు వద్దనడం మాని దాని తీరు మార్చాలి. మొదటి రోజు మాట్లాడవలసింది కంపెనీలు, వినవలసింది పరిశోధకులు. సోలార్ పార్కు పాడైన ప్యానెల్‌ను తేవాలి, నేత సంఘం జరీ కండెలను తేవాలి, ఫ్యాక్టరీ చెడిన అతుకును తేవాలి, రైతు విఫలమైన తన బోరు లోతూ, తగిలిన రాయి వివరాలూ చెప్పాలి. తర్వాతి రోజుల్లో ఒక్కో సమస్యకూ ఒక అధ్యాపకుడు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, కంపెనీ నుంచి ఒక మనిషి కలిసి పనిచేస్తామని పేర్లు ఇవ్వాలి. మరుసటి ఏడాది సభ ఆ పనుల లెక్కతోనే మొదలవ్వాలి. అలాంటి సదస్సుకు అనంతపురం, పుట్టపర్తి విద్యాసంస్థలు పూనుకోవాలి. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం పరిశ్రమలు దానికి తమ మనుషులను మూడు రోజులూ ఉండేలా పంపాలి.